రెరా నమూనా సేల్ అగ్రిమెంట్: నిర్వచనాల పనితనం ఎంత?

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం) కింద బిల్డర్‌కూ కొనేవాళ్లకూ మధ్య రాసుకునే నమూనా సేల్ అగ్రిమెంట్‌లో నిర్వచనాల క్లాజు తెరిస్తే చట్టం, ప్రభుత్వం, రూల్స్, రెగ్యులేషన్స్, సెక్షన్ అనే ఐదు మాటలే కనిపిస్తాయి. డబ్బుతో ముడిపడ్డవన్నీ లోపలి క్లాజుల్లో చెదిరి ఉంటాయి. ఈ అమరికకు మార్కులు తక్కువే.

సరుకు మాత్రం గట్టిది. కార్పెట్ ఏరియాకు చట్టంలోని సెక్షన్ 2(కె) అర్థమే వర్తిస్తుంది. బయటి గోడలు, సర్వీస్ షాఫ్టులు, సొంత బాల్కనీ, ఓపెన్ టెర్రస్ లెక్కలోకి రావు, లోపలి అడ్డుగోడలు వస్తాయి. మొత్తం ధర లెక్కగట్టేది ఈ కార్పెట్ ఏరియా మీదే. కట్టడం పూర్తయ్యాక విస్తీర్ణం తగ్గిందని తేలితే అదనంగా తీసుకున్న సొమ్మును 45 రోజుల్లో వడ్డీతో వెనక్కివ్వాలి. పెరిగితే 3 శాతం వరకు పెరిగిన విస్తీర్ణానికే అదనపు సొమ్ము అడగొచ్చు. హైదరాబాద్‌లో బేరం సూపర్ బిల్టప్ (గోడలు, మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి చోట్ల వాటా కూడా కలిపిన) చదరపు అడుగుల మీద నడుస్తుంది కాబట్టి ఫ్లాటు వివరాలుండే షెడ్యూల్‌లో ఒట్టి ‘ఏరియా’ అని ఉంటే ఒప్పుకోకండి. గొడవలు మొదలయ్యేది అక్కడే.

ఫోర్స్ మెజూర్ (బిల్డర్ చేతిలో లేని విపత్తు) నిర్వచనం ఇందులో అన్నిటికన్నా బాగా కుదిరింది. యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుఫాను, భూకంపం, లేదా ప్రకృతి వల్ల కలిగే మరే విపత్తయినా అంటుంది. ఆ ‘ప్రకృతి’తో గిరి గీసేశారు. కూలీలు దొరకలేదనో సిమెంటు ధర పెరిగిందనో గడువు పొడిగించడానికి వీల్లేదు. అందుకే కొన్ని డ్రాఫ్టుల్లో ‘వీటికే పరిమితం కాకుండా’ అనే తోక తగిలిస్తారు. ‘అనగా’ అని రాస్తే జాబితా మూసుకున్నట్టు, ‘సహా’ అని రాస్తే తెరిచి ఉంచినట్టు. ఆ తోక కొట్టేయించండి.

నమూనా చివర అదనపు షరతులకు చోటుంది. అవి పై షరతులకూ చట్టానికీ విరుద్ధంగా ఉండకూడదని అక్కడే రాసి ఉంది. అయినా కొత్త నిర్వచనాలు దూరేది ఆ సందులోంచే, కాబట్టి చదవడం చివరి పేజీ నుంచి మొదలుపెట్టడం మేలు. నిర్వచించిన ప్రతి మాటా ఎక్కడెక్కడ వాడారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. నిర్వచించి ఎక్కడా వాడకపోతే అది వేరే ప్రాజెక్టు డ్రాఫ్టు నుంచి మిగిలిన ముక్క కావచ్చు. వాడి నిర్వచించకపోతే రాయించాల్సిందే.

తెలుగు అనువాదంలో ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్ ప్రతిలో నిర్వచించిన మాటను పెద్దక్షరం పట్టిస్తుంది. మన లిపిలో అది లేదు కాబట్టి కొటేషన్లో, బోల్డో పెట్టించాలి.

అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని సెక్షన్ 13 అంటోంది. ఆ 10 శాతం కూడా డ్రాఫ్టు చేతికొచ్చాకే కట్టండి.