మిస్సౌరి ఫిరంగులు మూడుచోట్ల: డెలావేర్, వర్జీనియా, ఫీనిక్స్

అమెరికా యుద్ధనౌక మిస్సౌరి హవాయిలోని పెర్ల్ హార్బర్‌లో తన ఫిరంగులతోనే నిలబడి ఉంది కదా, మరి డెలావేర్‌లో చూపిస్తున్నది ఏ ఫిరంగి అని చాలామంది అడుగుతారు. నోటి వెడల్పు 16 అంగుళాలుండే ఫిరంగి గొట్టం లోపలి తొడుగు పూర్తి తుపాకిమందుతో సుమారు 290 సార్లు కాలిస్తే అరిగిపోతుంది. ఒక్కో కాల్పుకి ఆరు సంచుల్లో దాదాపు 300 కిలోల మందు పడుతుంది మరి. అరిగిన గొట్టాన్ని ఊడదీసి వేరేది బిగిస్తారు. అలా 1950లలో దిగిన గొట్టాలు అర్ధ శతాబ్దం పైగా నార్‌ఫోక్ దగ్గరి నేవీ స్థలంలో పడి ఉన్నాయి. 2010 దాటాక తుక్కుకి వెళ్లబోతుంటే మూడింటిని స్మారకాలుగా దక్కించుకున్నారు. ఒక్కోటి 20.3 మీటర్ల పొడవు, గుండు దూర్చే వెనక తలుపు లేకుండానే 108 టన్నులు.

మూడింటిలో రెండు డెల్‌మార్వా ద్వీపకల్పంలోనే ఉన్నాయి, మధ్యలో కారులో రెండున్నర మూడు గంటల దారి. న్యూజెర్సీ, డీసీ వైపు ఉండేవాళ్లకి శని, ఆదివారాల్లో రెండూ అయిపోతాయి.

మొదటిది డెలావేర్‌లో కేప్ హెన్లోపెన్ స్టేట్ పార్కులోని ఫోర్ట్ మైల్స్, రెండో ప్రపంచయుద్ధం నాటి తీర రక్షణ కోట. డీసీ నుంచి వచ్చేవాళ్లు వేసవిలో శుక్రవారం సాయంత్రం మేరీలాండ్‌లోని బే బ్రిడ్జి ఎక్కొద్దు, శనివారం తెల్లవారకముందే దాటేయాలి. దక్షిణ జెర్సీ వాళ్లకి కేప్ మే నుంచి లూయిస్‌కి ఫెర్రీ ఉంది, కారుతో సహా గంటన్నరలోపు. సీజన్‌లో పార్కు గేటు దగ్గర బయటి రాష్ట్రాల కార్లకి రుసుము ఎక్కువ. ఫిరంగుల మైదానం చూడటానికి వేరే టికెట్ అక్కర్లేదు. బ్యాటరీ (ఫిరంగుల స్థావరం) 519 బంకరు లోపలి మ్యూజియానికి మాత్రం వేళలు ముందే చూసుకోవాలి. పరిశీలన టవర్ 7 ఎక్కితే ఫిరంగుల గురి ఎలా లెక్కగట్టేవారో అర్థమవుతుంది: రెండు టవర్ల నుంచి ఒకే ఓడని చూసి, రెండు కోణాలతో దూరం తేల్చేవారు. ఒక్క లోటు. 519 అనేది 12 అంగుళాల ఫిరంగుల బంకరు, ఈ కోటలో 16 అంగుళాలవి బ్యాటరీ స్మిత్‌లో ఉండేవి. అందుకే ఇక్కడ మిస్సౌరి గొట్టం కాస్త చుట్టంచూపుగా వచ్చినట్టుంటుంది.

రెండోది వర్జీనియా కొసన, చెసపీక్ బే బ్రిడ్జి-టన్నెల్‌కి సరిగ్గా ముందు, ఈస్టర్న్ షోర్ వన్యప్రాణి ఆశ్రమంలో. ప్రవేశం ఉచితం. ఉత్తరం నుంచి వస్తే వంతెన టోల్ కూడా తగలదు. అడవిలో చిన్న కాలిబాట మీద నడిస్తే బ్యాటరీ విన్స్‌లో వస్తుంది: మట్టి కప్పిన కాంక్రీటు గుహ, దాని ముందు గొట్టం. ఈ గుహ 16 అంగుళాల ఫిరంగి కోసమే కట్టింది కాబట్టి ఆ నోటి వెడల్పుకీ గొట్టానికీ పొంతన కుదురుతుంది. ఓపికుంటే పైకెక్కండి, బురదనేలలూ సముద్రమూ కనిపిస్తాయి. మూడింటిలో మా ఓటు దీనికే.

తెలిసినవాళ్లు పట్టే మెలిక ఒకటుంది. యుద్ధకాలంలో ఇక్కడున్నవి మిస్సౌరి రకం కావు. 1922 వాషింగ్టన్ ఒప్పందంతో ఆగిపోయిన ఓడల కోసం చేసిన మార్క్ 2 గొట్టాలు నేవీ దగ్గర మిగిలిపోతే, తీర రక్షణకని సైన్యం తీసుకుంది. యుద్ధం ముగిశాక ఈ బ్యాటరీలోవి తుక్కయ్యాయి. మిస్సౌరిది మార్క్ 7. ఓడలో ఫిరంగి కోసం కట్టిన చోట మార్క్ 2 ఇమడకపోబట్టే ఈ తేలిక రకం పుట్టింది.

గొట్టాన్ని ఎక్కడ చూసినా పైనుంచి కాదు, కింద వంగి చూడండి. దిమ్మె మీద ఆనే చోట వాననీరు ఇరుక్కుని రంగు ముందు అక్కడే పొంగుతుంది. పొంగిన చోట గోటితో నొక్కితే డొల్లగా తగులుతుంది, గీకి తీయకండి, పాత పొరల్లో సీసం ఉండొచ్చు. మూతి మూసేసి నీరు పోయే కంత పెట్టకపోతే లోపల తేమ చేరి బయటికి కనపడకుండా తుప్పు పడుతుంది. మూతి తెరిచి ఉంటే టార్చి వేయండి: గొట్టం లోపలి గోడలో కోసిన 96 గాడులు మెలి తిరుగుతూ లోపలికి పోతాయి. పైపైన రంగు పూస్తే రెండేళ్లు కూడా ఆగదు. ఉక్కు బయటపడేదాకా ఇసుకతో కొట్టి, అదే రోజు జింకు ప్రైమరు, ఆపైన ఎపాక్సీ, చివర ఎండ తట్టుకునే పూత వేయాలి. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని చూసినవాళ్లకి ఉప్పుగాలి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

బసకి లూయిస్, రెహోబోత్ హోటళ్లు బాగానే ఉంటాయి గానీ జూలై, ఆగస్టుల్లో ధరలు మండిపోతాయి, చాలాచోట్ల రెండు రాత్రులు తప్పనిసరి. రెండు కుటుంబాలు కలిసి వెళ్తే వర్జీనియా వైపు కిప్టోపీక్ స్టేట్ పార్కు లాడ్జీలు నయం, వంటిల్లు ఉంటుంది కాబట్టి పప్పూ అన్నం వండుకోవచ్చు. అలలకి అడ్డుగా అక్కడ నిలబెట్టిన తొమ్మిది ఓడలు రెండో ప్రపంచయుద్ధం నాటి కాంక్రీటు ఓడలు. మే నుంచి దోమల మందు, పొడుగు ప్యాంటు తప్పనిసరి. నడక అయ్యాక పిల్లల మోకాళ్ల వెనక పిడుదులు చూడాలి.

మూడోది ఫీనిక్స్‌లో, రాష్ట్ర క్యాపిటల్ ఎదుట వెస్లీ బోలిన్ ప్లాజాలో. ఇక్కడ మిస్సౌరి గొట్టానికి తోడుగా అరిజోనా నౌకది 14 అంగుళాల గొట్టం ఉంది. పెర్ల్ హార్బర్ మీద 1941 డిసెంబరు 7న జపాన్ చేసిన దాడికి ముందే తొడుగు మార్చడానికి దింపారు కాబట్టి మిగిలింది; ఆ తరువాత నెవాడా నౌక మీద కాల్చారు. ఆ దాడిలో అరిజోనాలో 1,177 మంది పోయారు, 1945 సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు పత్రాల మీద సంతకాలు మిస్సౌరి డెక్ మీద జరిగాయి. యుద్ధంలో చనిపోయిన అరిజోనావాసుల పేర్లు రెండు గొట్టాల మధ్య వేలాడతాయి. 2013 డిసెంబరు 7న ప్రారంభించారు. పొడిగాలికి తుప్పు తక్కువ, రంగు మాత్రం ఎండకి పాలిపోతుంది. అక్టోబరు నుంచి మార్చిలోపు వెళ్లండి. జూన్‌లో మధ్యాహ్నం పిల్లల్ని ఆ ఇనుము ముట్టుకోనివ్వొద్దు, చేయి కాలుతుంది. ఎదురుగా క్యాపిటల్ మ్యూజియంలో అరిజోనా నౌక వెండి సామాను ఉంది, టికెట్ లేదు. పనిరోజుల్లో పొద్దున్నే చూసుకుంటే ప్లాజాతో కలిపి రెండు గంటలు చాలు.