అమెరికా పేటెంట్ ప్యాకేజీ అమ్మేవాళ్లతో జాగ్రత్త, డబ్బు కట్టేముందు ఇది చదవండి

అంబాజీపేట, అమలాపురం చుట్టుపక్కల కోకోపీట్ (కొబ్బరి పొట్టు) యూనిట్లు పెట్టి ఎగుమతి చేసేవాళ్లు, భీమవరం వైపు చేపలు, రొయ్యల చెరువులకి ఏరేటర్లు, ఆటోఫీడర్లు సొంతంగా చేయించుకునేవాళ్లు, మీకోసమే రాస్తున్నానండి. ఇండియా ప్లస్ అమెరికా పేటెంట్, అన్నీ మేమే చూసుకుంటాం అంటూ యూనిట్ల చుట్టూ తిరిగే కన్సల్టెన్సీలు ఉన్నాయి కదా, మా బావ తన గ్రో బ్యాగ్‌కి (మొక్కలు పెంచే కోకోపీట్ సంచి) అలాంటి ఒకళ్ల దగ్గరే పేటెంట్ చేయించాడు. పేరు చెప్పను, గొడవ ఇంకా నడుస్తోంది.

పేటెంట్ రాలేదని కాదు, వచ్చింది. అక్కడ ఒకడు అదే గ్రో బ్యాగ్ కాపీ కొట్టి అమ్ముతుంటే బావ అమెరికా ఫెడరల్ కోర్టులో కేసేశాడు, అసలు సినిమా అక్కడ మొదలైంది. వాళ్ల పద్ధతిలో డిస్కవరీ అని ఉంటుంది, కేసుకి సంబంధించిన మెయిళ్లు, వాట్సాప్ చాట్లు ఎదుటివాడు అడిగితే ఇచ్చి తీరాలి, లాయర్‌తో సలహా కోసం మాట్లాడినవి మాత్రం ప్రివిలేజ్ అని ఆపుకోవచ్చు. మన ఇండియా పేటెంట్ ఏజెంట్‌తో (దరఖాస్తు రాసి వేసేవాడు, లాయర్ కానక్కర్లేదు) మాట్లాడినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయని కన్సల్టెన్సీ నమ్మబలికింది, బ్రోచర్‌లో "లాయర్ స్థాయి గోప్యత" అని అచ్చేసి మరీ ఇచ్చారు, పైగా ఎన్‌డీఏ, అంటే మన సంగతులు బయట చెప్పమని రాసిచ్చే ఒప్పందం. జడ్జి అదేం కుదరదన్నాడు. ఎన్‌డీఏ ఉంటే వాళ్లు బయట చెప్పకూడదు అంతే, కోర్టు అడిగితే ఆగదు.

ఆ మెయిళ్లలో ఒకటి ఇది: "సార్, ఇలాంటి రెండు పొరల బ్యాగ్ ఇదివరకే మార్కెట్లో ఉంది, క్లెయిమ్ 3 నిలబడ్డం కష్టం, అయినా వేసి చూద్దాం." క్లెయిమ్ అంటే ఇది నేను కనిపెట్టిందే అని పేటెంట్‌లో రాసుకునే ఒక్కో అంశం. ఈ మెయిల్ ఇప్పుడు ఎదుటి లాయర్ చేతిలో ఉంది. తెలిసిన పాత సరుకు సంగతి అమెరికా పేటెంట్ ఆఫీసుకి చెప్పాల్సిన బాధ్యత దరఖాస్తుదారుడి మీద ఉంటుంది, కాబట్టి కావాలనే దాచారు, పేటెంటే చెల్లదు అని వాడి వాదన.

సేల్స్ కుర్రాడేమో "సెక్షన్ 126 ఉంది సార్ భయం లేదు" అన్నాడంట. 126లు రెండున్నాయండి బాబూ. పేటెంట్ చట్టం 126లో ఉన్నది ఏజెంట్ అవ్వడానికి అర్హతలు, సైన్స్ డిగ్రీ, పరీక్ష వగైరా. లాయర్ రహస్యం ఉన్నది 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్ 126లో, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో అది 132 అయింది, అదీ అడ్వకేట్లకే. వాడు తెలిసి కలిపాడో తెలీక కలిపాడో.

అమెరికా కోర్టులు చాలావరకు ఆ సంభాషణ ఏ దేశం దరఖాస్తు గురించో చూసి ఆ దేశం చట్టమే పట్టుకుంటాయి. బ్రిటన్‌లో 1988 చట్టంతోనే, కెనడాలో 2016 నుంచి ఏజెంట్లకి ఈ రక్షణ ఉంది కాబట్టి వాళ్ల మెయిళ్లు దక్కే అవకాశం ఎక్కువ, మన ఏజెంట్లకి అలాంటిది లేదు కాబట్టి మనవి దొరికిపోతాయి. 2016లో అమెరికాలో పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఏజెంట్లకి కూడా ప్రివిలేజ్ ఇచ్చింది నిజమే కానీ అది అమెరికా పేటెంట్ ఆఫీసులో రిజిస్టరైన వాళ్లకి, అదీ దరఖాస్తు పనికి మాత్రమే. కన్సల్టెన్సీ వాళ్లు ఇప్పుడు 2017 రూల్ ఒకటి చూపిస్తున్నారు, విదేశీ ఏజెంట్లకీ వర్తిస్తుందని. వర్తిస్తుంది, ఆ పేటెంట్ ఆఫీసులోనే పేటెంట్ల గొడవలు వినే ట్రయల్ బోర్డు ముందు. కోర్టులో కాదు!

మీరెవరైనా వెళ్తుంటే ముందు అడగండి, నాతో మాట్లాడేవాడు అడ్వకేటా ఒట్టి ఏజెంటా, అడ్వకేట్‌గానే సలహా ఇస్తున్నట్టు కాగితం మీద రాసిస్తారా అని. అమెరికా పనికి అక్కడి అటార్నీని మొదట్నుంచీ పెట్టుకుని ఆయన చెప్పినట్టే మన ఏజెంట్ పనిచేస్తే కాస్త నయం. మా బావ కేసులో ఆయన్ని చివర్లో సంతకానికే తెచ్చారు, అంతకుముందు నడిచిన మెయిళ్లకే ఈ గతి పట్టింది. నిలబడుతుందా లేదా లాంటి మాటలు వాట్సాప్‌లో అస్సలొద్దు. ఇప్పటికే కేసులో ఉన్నవాళ్లు, లేదా కేసు వస్తుందని తెలిసినవాళ్లు, ఇది చదివి కంగారుపడి పాత చాట్లు డిలీట్ చేయకండి, సాక్ష్యం చెరిపేశారని కోర్టు దానికి వేరే శిక్ష వేస్తుంది.