దూరప్రయాణాలకు ట్రైక్: ఏళ్ల తరబడి వాడాక

ట్రైక్ అంటే పైన గుడ్డ రెక్క, దాని కింద వేలాడే మూడు చక్రాల బండి, వెనక ఇంజను ఉన్న తేలికపాటి విమానం. దాని గురించి అడిగితే అందరూ ముందు చెప్పేది వేగం. జట్టుగా దూరాలు వెళ్లేవారికి అంతకంటే అక్కరకు రాని సమాచారం లేదు. నలుగురైదుగురు కలిసి బయలుదేరితే, అందరిలోకీ నెమ్మదైన రెక్క ఎంత వేగంతో పోతుందో జట్టంతా అంతే వేగంతో పోవాలి. అందరిలోకీ చిన్న ట్యాంకు ఎంత దూరం లాగుతుందో మజిలీ అక్కడే పడాలి. నాది రెండు సీట్ల ట్రైక్. 80 అశ్వశక్తి రోటాక్స్ 912 ఇంజను, 60 లీటర్ల ట్యాంకు. ఏళ్లుగా తోటి పైలట్లతో కలిసి తిప్పుతున్నాను కాబట్టి ఈ సమీక్ష కూడా ఆ దృష్టితోనే రాస్తున్నాను. సాయంత్రాలు ఒంటరిగా అలా ఒక చుట్టు తిరిగి వచ్చేవారికి ఇందులో సగం పనికిరాదు.

ఇంజను సంగతి త్వరగా ముగించవచ్చు, ఎందుకంటే దానితో పేచీ లేదు. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజను. సిలిండర్లను గాలి, వాటి తలలను కూలెంటు చల్లబరుస్తాయి. బంకులో దొరికే మంచి పెట్రోలుతో నడుస్తుంది. దూరప్రయాణంలో దీని విలువ ఇంధనం దొరకని ఎయిర్‌స్ట్రిప్‌లో దిగినప్పుడు తెలుస్తుంది. ఆయిలు కొలిచే ముందు లోపల గుడగుడమనే చప్పుడు వచ్చేదాకా ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి, లేకపోతే కొలత తప్పు చూపిస్తుంది. పూర్తి శక్తి ఇచ్చే ముందు ఆయిలు 50 డిగ్రీలకు చేరాలి. చలి ఉదయాల్లో ఇందుకు చాలా ఓపిక కావాలి, మిగతావాళ్లు అప్పటికే రన్‌వే చివర నిలబడి మన వైపు చూస్తుంటారు. ఎంత నమ్మకమైనదైనా ఇది ఎప్పుడైనా ఆగిపోవచ్చని తయారీదారుల పుస్తకమే హెచ్చరిస్తుంది. అందుకే దిగడానికి వీలైన పొలం కింద కనిపించని దారిని, అది ఎంత దగ్గరి దారైనా, మేము ఎంచుకోము.

అసలు కథ గాలితో మొదలవుతుంది. నా ట్రైక్ హాయిగా పోయే వేగం గంటకు 90 కిలోమీటర్లు. 30 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద మిగిలేది 60. కింద రోడ్డు మీద లారీలు మనల్ని దాటిపోతుంటే చూస్తూ కూర్చోవాలి. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కదా, లెక్క సరిపోతుందనుకునేవారు ఒకసారి కాగితం మీద వేసి చూడండి. 120 కిలోమీటర్లకు వెళ్లేటప్పుడు రెండు గంటలు, వచ్చేటప్పుడు గంట, మొత్తం మూడు గంటలు. గాలే లేకపోతే రెండు గంటల నలభై నిమిషాల్లో అయిపోయేది. నా ఇంజను గంటకు సుమారు 13 లీటర్లు తాగుతుంది, అంటే నాలుగు గంటలు ఎగిరినా అడుగున కొంత మిగులుతుంది. జట్టులో ఒకరిది టూ స్ట్రోక్ ఇంజను, 45 లీటర్ల ట్యాంకు, గంటకు 17 లీటర్లు. అరగంట నిల్వ తీసేస్తే ఆయనకు రెండు గంటలే. కనుక అందరికీ రెండు గంటలే. పైగా ఆయన పెట్రోలు పోసుకున్న ప్రతిసారీ యాభై పాళ్లకు ఒక పాలు ఆయిలు కలుపుకోవాలి. అది అయ్యేదాకా అందరం నీడ వెతుక్కుంటాం. నిజానికి రెండు గంటలకు మించి ఎగరనివ్వనిది చాలాసార్లు ట్యాంకు కాదు, ఉదయం తాగిన టీ.

రెక్క విషయంలో నాకు రెండు అభిప్రాయాలున్నాయి. రెక్కను నడిపే అడ్డకడ్డీని, అంటే బారును, ముందుకు నెడితే ముక్కు లేస్తుంది, వెనక్కు లాక్కుంటే దిగుతుంది. మామూలు విమానం నడిపిన చేతులకు ఇది తలకిందుల వ్యవహారం, కానీ అలవాటవుతుంది. అలవాటు కానిది మధ్యాహ్నం. నేల వేడెక్కి గాలి ఎగదన్నడం మొదలయ్యాక బారు పట్టుకోవడమంటే పొగరుబోతు ఎద్దు పగ్గం పట్టుకోవడమే. ప్రతి కుదుపూ నేరుగా భుజాలకు వస్తుంది. తెల్లవారగానే లేచి పది గంటలకల్లా దిగిపోవడం, మళ్లీ సాయంత్రం ఎగరడం మా పద్ధతి. మధ్యలోని ఖాళీ గంటలను భరించలేని మనిషికి ఈ యంత్రం తగదు.

జట్టులో ఎగరడానికి ట్రైక్ నప్పే చోటు ఒకటుంది, నప్పని చోటు ఒకటుంది. కిందకు, ముందుకు చూపుకు అడ్డమేమీ లేదు. పైన మాత్రం రెక్క ఆకాశాన్ని కప్పేస్తుంది, మన నెత్తిన ఎవరున్నారో తెలియదు. కాబట్టి మేము ఒకరి మీద ఒకరం ఎగరము. పక్కకు జరిగి, ఏటవాలు వరుసలో పోతాం. నేరుగా వెనక, కొంచెం కింద ఉండటం అంతకంటే చెడ్డది. ముందున్న రెక్క చివరల నుంచి లేచే సుడులు కిందకు దిగుతూ వస్తాయి, వాటిలో పడితే ట్రైక్ ఒక్కసారిగా పక్కకు ఒరుగుతుంది. రేడియోలో మాటలు తక్కువ, గాలి హోరు ఎక్కువ. వెనక్కు తిరుగుదామని ఎవరు అన్నా, కారణం అడగకుండా అందరం తిరగాలన్నది మా ఏకైక నియమం. కారణాలు నేల మీద మాట్లాడుకుంటాం.

సామాను దగ్గర ఆశలు పెట్టుకోవద్దు. గరిష్ఠ బరువు 450 కిలోలు. ఖాళీ ట్రైక్ దాదాపు 220, ఇద్దరు మనుషులు 160, నిండు ట్యాంకు 43. మిగిలిన 27 కిలోల్లోనే కట్టుతాళ్లు, పనిముట్లు, ఆయిలు డబ్బా, బట్టలు. ప్రొపెల్లర్ వెనకనే ఉంటుంది, కాబట్టి జారిన ప్రతి వస్తువూ అందులోకే పోతుంది. చేతి తొడుగు, పెన్ను, ఫోను అన్నింటికీ తాడు ఉండాలి. వెయ్యి మీటర్ల ఎత్తుకు ఆరు డిగ్రీలకు పైగా చల్లబడుతుంది, దానికి తోడు మొహం మీద ఎదురుగాలి. ముందు మంచి దుస్తులు కొని, ఆ తర్వాత మిగిలిన డబ్బుతో పరికరాలు కొనుక్కోండి.

రెక్క గుడ్డను తినేది ఎగిరిన గంటల కంటే ఎండలో నిలిచిన గంటలే. ప్రయాణాల్లో షెడ్డు దొరకదు గనుక రెక్కకు కప్పే తొడుగు మోయక తప్పదు. పాత ట్రైక్ కొనేవారు ఇంజను గంటల కంటే ముందు గుడ్డ బలం పరీక్ష అడగాలి.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే ఇంజను తీసుకుంటాను. రెక్క మాత్రం ఎగురుతూనే వేగం సర్దుకోగలిగేది ఎంచుకుంటాను. నా దాంట్లో వేగం మార్చాలంటే బండి వేలాడే బిందువును కీల్ గొట్టం (రెక్క మధ్యలో ముందు నుంచి వెనక్కు పోయే గొట్టం) మీద ముందుకో వెనక్కో జరపాలి, అది బోల్టు విప్పి నేల మీదే చేసే పని. జట్టులో కొత్తవారు చేరిన రోజున అందరి వేగాలూ కలపడానికి ఆ బోల్టు విప్పడం, బిగించడం ఎవరి వంతో మొదటి మజిలీకి ముందే తేల్చుకోవలసి వస్తోంది.