అంగుళంపావు తేడా: కొత్త కమోడ్, అమ్మిన దుకాణం, బిగించిన పనివారు

విజయవాడలో మా ఇల్లు 1998లో కట్టినది. కింది బాత్రూములో అప్పటి అలవాటు ప్రకారం గొంతుకూర్చుని వాడే ఒరిస్సా పాన్ బిగించారు. అమ్మకు డెబ్భై రెండేళ్ళు వచ్చాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. ఇక గొంతుకూర్చోకూడదని ఎముకల డాక్టరు గట్టిగా చెప్పడంతో పాన్ తీయించి కమోడ్ పెట్టించక తప్పలేదు. ఐదు నెలలు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. కమోడ్‌ను, దానిని అమ్మిన దుకాణాన్ని, దుకాణం తరఫున వచ్చి బిగించిన పనివారిని విడివిడిగా చూడాలి, ఎందుకంటే మూడింటికీ ఒకే మార్కు వేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

ముందు కమోడ్ సంగతి. ఫ్లష్ ట్యాంకు, కింది భాగం ఒకే పింగాణీ ముద్దగా ఉండే వన్ పీస్ రకం తీసుకున్నాము. ట్యాంకుకూ కమోడ్‌కూ మధ్య అతుకు ఉండదు కనుక అక్కడ రబ్బరు పోయి నీరు కారే బెడద లేదు, మూల మూలకూ బ్రష్ అందుతుంది. బాత్రూము పింగాణీ సామానుకు వర్తించే ఐ.ఎస్. 2556 ప్రమాణంతో ఐ.ఎస్.ఐ. ముద్ర ఉందో లేదో చూసుకుని, వేలి కణుపులతో తట్టి చూశాను. పగులు లేని పింగాణీ ఖంగుమంటుంది, కంటికి కనపడని నెర్రె ఉంటే ఆ శబ్దం బొంగురుపోతుంది. నీటిని లోపలికి గట్టిగా లాక్కునే సైఫానిక్ రకం చప్పుడు తక్కువ చేస్తుందని అమ్మకందారు సిఫార్సు చేశాడు కానీ, దాని లోపలి దారి ఇరుకుగా, మెలికలు తిరిగి ఉంటుంది. మాకు సగం రోజులు బోరు నీళ్ళే గతి, ఆ ఉప్పు పేరుకోవడానికి అలాంటి మెలికలే అనువు. అందుచేత నీటి తోపుడుతో పనిచేసే వాష్‌డౌన్ రకమే ఎంచుకున్నాను.

ఎత్తు విషయంలో మాత్రం చాలాసేపు తర్జనభర్జన పడ్డాము. మోకాళ్ళ నొప్పులవారికి ఎత్తుగా ఉండే కమోడ్ మంచిదని అందరూ అంటారు, పద్దెనిమిది అంగుళాల వరకూ దొరుకుతున్నాయి కూడా. కానీ అమ్మ అయిదడుగులకు ఒక పిసరు తక్కువే. ప్రదర్శనకు పెట్టిన ఎత్తైన కమోడ్ మీద కూర్చోబెట్టి చూస్తే మడమలు నేలకు ఆనలేదు. పాదాలు ఆనకపోతే పైకి లేవడానికి బలం ఎక్కడి నుంచి వస్తుంది? చివరకు సీటుతో కలిపి పదహారు అంగుళాలు ఉండేదే తీసుకుని, పట్టుకుని లేవడానికి కుడివైపు గోడకు స్టీలు కడ్డీ బిగించాము. కొనే ముందు వాడబోయే మనిషిని వెంట తీసుకువెళ్ళి కూర్చోబెట్టి చూడండి, మొహమాటపడవద్దు.

ఇక దుకాణం. "సార్, మీది ఎస్సా, పీయా?" అని ఒక్క ప్రశ్న అడిగి, నేను ఎస్ అనగానే బిల్లు రాసేశారు. ట్రాప్ అంటే ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉండే వంపు. మురుగు నేలలోకి దిగితే ఎస్ ట్రాప్, గోడలోకి వెళితే పీ ట్రాప్ అన్న మాట నిజమే గాని, దానికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: గోడ నుంచి నేలలోని పైపు నడిమధ్యకు ఎంత దూరం? మన బజారులో 225 మిల్లీమీటర్లకూ 300 మిల్లీమీటర్లకూ, అంటే తొమ్మిది అంగుళాలకూ పన్నెండు అంగుళాలకూ, వేరు వేరు కమోడ్లు వస్తాయి. ఆ కొలత టైలు ముఖం నుంచి తీసుకోవాలి గాని ఇటుక గోడ నుంచి కాదు. ఈ ఒక్క వాక్యం కౌంటరు మీద ఎవరైనా చెప్పి ఉంటే మాకు నాలుగు రోజులు మిగిలేవి.

జరిగింది ఇదీ. పాత పాన్ పగలగొట్టేటప్పుడు వెనక గోడ టైళ్ళు, వాటితో పాటే ప్లాస్టరింగు ఊడివచ్చి ఇటుక బయటపడింది. ప్లంబర్ ఆ ఇటుక దగ్గర టేపు ఆనించి, సరిగ్గా తొమ్మిది అంగుళాలకు నాలుగంగుళాల పైపు నిలబెట్టి చుట్టూ కాంక్రీటు పోశాడు. తరువాత తాపీ మేస్త్రీ వచ్చి ముప్పావు అంగుళం ప్లాస్టరింగు, దాని మీద అర అంగుళం మందాన టైలు, దాని సిమెంటు కలిపి గోడను అంగుళంపావు ముందుకు తెచ్చాడు. ఎవరి పని వారు చక్కగానే చేశారు. తీరా కమోడ్ తెచ్చి కూర్చోబెడితే ట్యాంకు వీపు గోడకు తగిలింది, కింద కన్నం మాత్రం పైపు కన్నానికి అంగుళంపావు ముందే ఆగిపోయింది. దూరం ఎక్కువైతే ట్యాంకు వెనక ఖాళీ కనపడుతుంది, అంతే. తక్కువైతే దారే ఉండదు.

మడతల గొట్టం పెట్టి అటు లాగేస్తామని ప్లంబర్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మలం జారవలసిన దారిలో మడతలు పెడితే అక్కడే అడ్డంకి మొదలవుతుందని అతనికి తెలియనిది కాదు, మళ్ళీ గచ్చు పగలగొట్టడానికి చేతులు రాక అన్న మాట అది. చివరకు కొత్తగా వేసిన నాలుగు టైళ్ళు తీసి, పైపు కోసి, దాని వంపు ముక్క మార్చి మళ్ళీ నిలబెట్టారు. రెండు రోజుల్లో అయిపోతుందన్న పని ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ అమ్మ గుణదలలో మా పిన్ని ఇంట్లో ఉంది; కూర్చునే పీట కోసం కాపురమే మార్చవలసి వచ్చిందని ఇప్పటికీ దెప్పుతుంది. అదనపు కూలి, టైళ్ళ ఖర్చులో సగమే దుకాణం భరించింది, అదీ మూడుసార్లు తిరిగాక.

ఇంత చెప్పినా ఆ ప్లంబర్ పనితనాన్ని తక్కువ చేయలేను. చాలామంది కమోడ్ అడుగంతా తెల్ల సిమెంటుతో నింపేస్తారు. రేపు దానిని విప్పవలసి వస్తే పింగాణీ పగలకుండా రాదు. ఇతను రంధ్రాలు వేసి స్క్రూలతో బిగించి, లెవెల్ పెట్టి చూసి, చుట్టూ సిలికాన్ పూసి, వెనకవైపు రెండంగుళాల మేర పూయకుండా వదిలాడు. లోపల అతుకు దగ్గర నీరు కారితే అక్కడి నుంచి బయటకు కనపడుతుందని చెప్పాడు. మొదటిసారి ఫ్లష్ నొక్కగానే పక్కన నేల మీది నీళ్ళు పోయే నహానీ ట్రాప్‌లో గుడగుడమని శబ్దం వచ్చింది. అతను వెంటనే డాబా ఎక్కి గాలి గొట్టం చూశాడు. దాని మూతిలో పిట్టగూడు! పైనుంచి గాలి అందక, దిగే నీరు ట్రాప్‌లోని నీటిని లాగుతోందట. గూడు తీశాక శబ్దం ఆగింది.

వాడకంలో కమోడ్ మీద ఫిర్యాదులు తక్కువే. చిన్న మీటకు మూడు లీటర్లు, పెద్ద మీటకు ఆరు లీటర్లు. ఆరు లీటర్ల దెబ్బకు ఒక్కసారిలోనే శుభ్రమవుతోంది. మూడో నెలలో నీటి మట్టం దగ్గర తెల్లని ఉప్పు గీత పడింది. యాసిడ్ పోయవద్దని, అది రబ్బరు వాషర్లనూ లోహపు బిగింపులనూ తినేస్తుందని ప్లంబర్ ముందే హెచ్చరించాడు కనుక, నిమ్మ ఉప్పు కరిగించి రాత్రంతా ఉంచి పొద్దున్న రుద్దితే పోయింది. సీటు కవరు మెల్లగా దిగే రకమే గాని దాని ఎడమ బిగింపు నెలకొకసారి వదులవుతోంది. పింగాణీకి పదేళ్ళ వారంటీ ఇచ్చిన కార్డు సీటు కవరుకు ఏడాదే ఇచ్చింది, కారణం ఇప్పుడు అర్థమవుతోంది.

కమోడ్‌కు 14,800 రూపాయలు, గోడ దగ్గరి చిన్న కుళాయి (యాంగిల్ కాక్), కనెక్షన్ పైపు, కడుక్కునే చేతి స్ప్రే (హెల్త్ ఫాసెట్) కలిపి 2,600, ప్లంబర్, మేస్త్రీ కూలి 8,500 అయ్యాయి. "ఫిట్టింగు ఉచితం" అన్న బోర్డుకు అర్థం కమోడ్ కూర్చోబెట్టడం వరకేనట. పాత పాన్ పగలగొట్టడం, పైపు మార్చడం అందులోకి రావు. కమోడ్‌కు ఐదుకు నాలుగు, ప్లంబర్‌కు మూడున్నర, దుకాణానికి ఒకటిన్నర ఇస్తాను. వేసవిలో మేడ మీది బాత్రూము పని పెట్టుకున్నాము. కమోడ్ అదే తెస్తాను, ప్లంబర్‌నూ అతన్నే పిలుస్తాను, దుకాణం మాత్రం వేరే చూసుకున్నాను. ప్లంబర్ మొన్న కొలతలకు వచ్చి, నేను అడగకముందే టైలు ముక్క ఒకటి గోడకు ఆనించి, దాని మీద నుంచి టేపు పట్టాడు.