షేరింగ్ సైకిళ్లు, స్కూటర్లు: బండి మంచిదే, మా వైపు దొరకడమే కష్టం

ఆఫీసుకు వెళ్లడానికి చాలాకాలంగా వీటినే వాడుతున్నాను. సైకిల్, ఎలక్ట్రిక్ స్కూటర్ రెండూ ఒకే యాప్‌లో ఉంటాయి. బండి మీద పెద్దగా ఫిర్యాదు లేదు. బ్రేకులు బాగా పడతాయి, స్కాన్ చేయగానే లాక్ తెరుచుకుంటుంది.

ఇబ్బందంతా బండి దొరకడం దగ్గరే. మాది ఊరి చివరి కాలనీ. పొద్దున్నే బయల్దేరేవాళ్లు బండ్లన్నీ సెంటర్ వైపు తీసుకెళ్లిపోతారు. ఎనిమిది దాటితే మా స్టాండ్ ఖాళీ. అదే టైముకి ఆఫీసులున్న వీధుల్లో బండి పెట్టడానికి చోటుండదు. వాటిని వ్యాన్‌లో ఎక్కించి ఖాళీ స్టాండ్లకు చేర్చాల్సింది కంపెనీయే. ఆ వ్యాన్ మా వైపు వచ్చేది అరుదు. అడిగితే కస్టమర్ కేర్ వాళ్లు "మీ ఏరియాలో డిమాండ్ తక్కువ" అంటారు. బండే లేని చోట ట్రిప్పులు ఎలా నమోదవుతాయి? యాప్ తెరిచి, బండి కనబడక మూసేసినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా!

దీనికి దారులు లేకపోలేదు. పారిస్‌లోని వెలిబ్ అనే సైకిల్ షేరింగ్ సర్వీసులో ఎత్తు మీదున్న స్టేషన్లకు సైకిల్ చేర్చినవాళ్లకు 15 నిమిషాల ఉచిత రైడ్ సమయం అదనంగా ఇచ్చారు. ఖాళీ స్టాండ్‌కు బండి తెచ్చినవాళ్లకు ఇక్కడా అలాంటిదేదో ఇస్తే వ్యాన్ కోసం ఎదురుచూసే పని చాలా తగ్గుతుంది.

స్కూటర్‌తో ఇంకో చిక్కు. మా కాలనీలో సగభాగం, రైడ్ ముగించడానికి కంపెనీ గీసిన జోన్‌కు బయట ఉంది. అక్కడ రైడ్ ముగించనివ్వదు, చార్జీ పడుతూనే ఉంటుంది. కాబట్టి మెయిన్ రోడ్డు మీదే వదిలేసి ఇంటిదాకా నడవాలి. రాత్రి షిఫ్ట్ ముగించుకుని వచ్చే ఆడవాళ్లకు టెన్షన్ పెట్టేది సరిగ్గా ఆ దూరమే.

ఇక స్మార్ట్‌ఫోన్, కార్డు, డిపాజిట్ లేకపోతే అసలు బండే తెరుచుకోదు. తెల్లవారకముందే పనికి వెళ్లే మా వీధివాళ్లలో చాలామందికి ఇవి అందుబాటులో లేవు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఇండిగో అనే సైకిల్ షేరింగ్ సర్వీసు 2015లో మొదలైనప్పుడే నగదు కట్టే వీలు పెట్టారు, అంటే ఇది చేయలేని పనేం కాదు. పెద్ద నగరాల్లోనూ విస్తరణ నెమ్మదిగానే సాగుతుందని తెలుసు. న్యూయార్క్‌లో 2013లో మొదలైన సిటీ బైక్ సర్వీసు అదే నగరంలోని బ్రాంక్స్ ప్రాంతానికి చేరేసరికి 2020 వచ్చింది. అలాగని మేమూ అన్నేళ్లు ఆగాలనడం న్యాయం కాదు.

బండికి అయిదుకు నాలుగు, పంపిణీకి ఒకటి ఇస్తాను. సెంటర్‌లో ఉండేవాళ్లు నిశ్చింతగా నెల పాస్ తీసుకోవచ్చు. శివార్లలో ఉంటే మాత్రం ముందు వారం రోజులు, మీరు బయల్దేరే టైముకే యాప్ తెరిచి మీ స్టాండ్‌లో ఎన్ని బండ్లున్నాయో చూడండి. మీ ఇల్లు జోన్ లోపల ఉందో లేదో కూడా చూసుకున్నాకే డబ్బు కట్టండి.