ఎనిమిదేళ్ళ వాడకం తరువాత మన సాధనపు వెదురుతో చేసిన ఆరు బద్దల గాలం కర్ర

హన్మకొండలోని మా ఇంటి గోడకు రెండు ఫ్లై గాలం కర్రలు, అంటే ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను ఎరగా విసిరే కర్రలు, వేలాడుతుంటాయి. రెండూ ఏడున్నర అడుగులవి, రెండూ ఐదో నంబరు బరువున్న లైనుకు (విసిరే దారానికి) తగినవి, రెండింటినీ ఒకే కొలతల పట్టిక ప్రకారం నేనే చిత్రిక పట్టి అతికించాను. ఒకటి దక్షిణ చైనా నుంచి వచ్చే టాంకిన్ వెదురుతో చేసినది. రెండోది ఏటూరునాగారం వైపు నుంచి మేదరుల దగ్గరికి వచ్చే సాధనపు వెదురుతో, అంటే లాఠీలకు వాడే గట్టి వెదురుతో చేసినది. ఎనిమిదేళ్ళుగా రెండింటినీ మార్చి మార్చి వాడుతున్నాను. ఈ సమీక్ష ప్రధానంగా రెండోదాని గురించే.

మామూలు గాలంలో సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై పద్ధతిలో ఈకలతో కట్టిన ఈగకు బరువంటూ ఉండదు కనుక లైనే బరువు కావాలి. ఐదో నంబరు లైనులో మొదటి 30 అడుగులు సుమారు 9 గ్రాములు తూగుతాయి. ఆ కాస్త బరువుకే కర్ర వంగి, వెంటనే తేరుకుని, లైనును ముందుకు నెట్టాలి. గడను ఉన్నదున్నట్టుగా వాడితే ఇది సాధ్యం కాదు. అందుకే దాన్ని 60 డిగ్రీల కోణాలున్న త్రికోణపు బద్దలుగా చేసి, బలమైన నార ఉండే పై పొర బయటికి వచ్చేలా ఆరింటిని కలిపి అతికిస్తారు. రెండు ఉక్కు కడ్డీల మధ్య గాడిని ఐదేసి అంగుళాలకు ఒక మర (స్క్రూ)తో సరిచేసుకుంటూ, అంగుళంలో వెయ్యో వంతు తేడా కూడా లేకుండా ఒక్కో బద్దను చిత్రిక పట్టాలి. నా మొదటి కర్రకు ఆ ఒక్క పనికే ఆరు వారాల సాయంత్రాలు పట్టాయి.

మన వెదురునే ఎందుకు ఎంచుకున్నానంటే, దానికి ఈ పనిలో పాత చరిత్ర ఉంది. హైరమ్ లెనార్డ్ 1870లలో అమెరికాలో ఆరు బద్దల కర్రలు తయారుచేసిన కాలంలో అక్కడివారు వాడినది ‘కలకత్తా కేన్’ అనే భారతదేశపు వెదురు. సాధారణంగా దాన్ని మన సాధనపు వెదురు జాతిగానే గుర్తిస్తారు. తరువాత టాంకిన్ వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. ఎందుకు నెట్టిందో చదివి తెలుసుకోవడం కంటే చేతితో తెలుసుకోవాలనిపించింది.

ఆ కారణం కణుపుల్లో ఉంది. టాంకిన్ గడ నిటారుగా, కణుపులు అణిగి, దూరదూరంగా ఉంటాయి. సాధనపు వెదురులో అవి దగ్గరదగ్గరగా, ఉబ్బెత్తుగా ఉండి, నార వాటిని చుట్టుకుని వంకర తిరిగి పోతుంది. బద్దలు చీల్చిపెట్టిన మేదరి పెద్దాయన మొదటిరోజే, ‘కణుపు కాడ చిత్రిక పట్టకు సారూ, నరం తెగుతది’ అని చెప్పాడు. నేను వినలేదు. చూపుకు నున్నగా ఉండాలని ఆకురాయితో రాసేశాను. మూడో ఏడు చివరి భాగం ఒకటి సరిగ్గా ఆ కణుపు దగ్గరే పుటుక్కున విరిగింది. కొత్తగా చేసిన భాగంలో కణుపును మంట సెగకు మెత్తబరిచి, బెంచి వైసులో నొక్కి అణిచాను. పైపొరను దాదాపు ముట్టుకోలేదు. ఒక బద్ద కణుపు పక్క బద్ద కణుపుకు ఎదురుగా రాకుండా ముందువెనుకలుగా జరిపి అమర్చాను. ఐదేళ్ళయింది, దానికి ఇంతవరకు పగులు లేదు.

పుచ్చు పురుగు రెండో చిక్కు. వెదురులోని పిండిపదార్థమే దానికి ఆహారం. మూడేళ్ళు దాటిన గడను చలికాలంలో కొట్టించి, కొన్ని వారాలు నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టిన తరువాత పొయ్యిలో సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చాను. తేమ పోయి బద్దకు బిగువు వచ్చింది. ఈ జాగ్రత్తలేవీ లేకుండా దాచిన గడల్లో సగం, మరుసటి ఏడు చూసేసరికి పసుప్పచ్చని పొడిగా రాలాయి.

వాడకంలో తేడా స్పష్టంగానే ఉంది. టాంకిన్ కర్ర 118 గ్రాములు, మనది 131 గ్రాములు. ఆ 13 గ్రాములు చాలావరకు కొన వైపే ఉండడంతో గంట విసిరేసరికి మణికట్టుకు తెలుస్తుంది. తేరుకోవడం కూడా కాస్త నెమ్మది. అయితే 30, 35 అడుగుల లోపు విసురులో ఆ నెమ్మదితనమే నాకు ఎక్కువ నచ్చింది. మత్స్య సహకార సంఘం అనుమతితో ఊరి చెరువు కట్టమీద నిలబడి, సాయంత్రం నీటి పైకి లేచే పరకల ముందు ఈగను చప్పుడు లేకుండా దించడానికి ఇంతకంటే మంచి కర్రను నేను పట్టలేదు. కొర్రమీనుకు మాత్రం ఇది పనికిరాదు. అది పట్టగానే నాచులోకి దూరుతుంది, దాన్ని బలవంతంగా బయటికి లాగితే కర్ర వంపు పట్టి అలాగే ఉండిపోతుంది. రెండుసార్లు అలాంటి వంపును సన్నని సెగమీద తిప్పుతూ సరిచేయవలసి వచ్చింది.

వానాకాలంలో తడిసిన కర్రను తుడవకుండా గొట్టంలో పెట్టి మూయకూడదు; ఒక్క రాత్రి అలా చేసినందుకు వార్నిష్ బొబ్బలెక్కి, అంతా గీకి మళ్ళీ పూయాల్సి వచ్చింది. రెండు ముక్కలు కలిసే జర్మన్ సిల్వర్ గొట్టాలు ఇప్పటికీ బిగువుగానే ఉన్నాయి. లైను జారే చిన్న ఉంగరాలను (గైడ్లను) కర్రకు కట్టడానికి మహదేవపూర్ దసలి పట్టు నూలును మక్కువతో వాడాను కానీ, అది హెచ్చుతగ్గులుగా ఉండి వార్నిష్ కింద ముద్దకట్టింది. దాని స్థానంలో సన్నని మల్బరీ పట్టు దారం చుట్టాను.

మొదటి కర్ర చేయబోయేవారికి టాంకిన్‌నే సూచిస్తాను. కణుపుల పని తక్కువ, తప్పులను కొంత సహిస్తుంది. రెండోది చేసేనాటికి మన వెదురును తప్పక ప్రయత్నించండి, కానీ ఏడున్నర అడుగులకు పోవద్దు. పొడవు తగ్గితే కొన బరువు తగ్గుతుంది. నేను ఈ చలికాలంలో కొట్టించిన గడల నుంచి ఆరున్నర అడుగుల కర్రకు బద్దలు తీసి అటక మీద ఆరబెట్టాను. ఈసారి కణుపుల దగ్గర ఆకురాయి వాడడం లేదు.