మనసు తేలికపడాలంటే: ఒకేసారి అరగంట నడకా, రోజంతా చిన్న కదలికలా?

ఖర్చు: రెండింటికీ దాదాపు లేదు.

శ్రమ: నడకకు అరగంట ఖాళీ దొరకాలి. చిన్న కదలికలకు గంటకోసారి 3 నిమిషాలు చాలు: మెట్లెక్కడం, ఫోన్ మాట్లాడుతూ తిరగడం.

ఫలితం: ఉదయపు వెలుగులో నడిస్తే శరీర గడియారం కుదురుకుని రాత్రి నిద్ర పడుతుంది, దాంతో ఆందోళనా తగ్గుతుంది. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం ఉండాలి. చిన్న కదలికలు ఒంటి బిగువును, చిరాకును అప్పటికప్పుడు సడలిస్తాయి. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలు ఉండాలన్న షరతును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తీసేసింది. పెద్దలకు ఆ సంస్థ సూచించే వారానికి 150 నిమిషాల వ్యాయామం లెక్కలో చురుకైన ప్రతి నిమిషమూ చేరుతుంది.

చిక్కు: నడక ఒకరోజు తప్పితే కొందరు పూర్తిగా మానేస్తారు. చిన్న కదలికలు పనిలో పడి మరిచిపోతారు, అలారం పెట్టుకోవాల్సిందే.

నిద్ర పట్టనివారికి నడకే మేలు. కుర్చీ వదలని ఉద్యోగమైనా, దిగులుతో మంచం దిగడమే కష్టమైనా చిన్న కదలికలతో మొదలుపెట్టండి. ఆ దిగులు రెండు వారాలు దాటితే డాక్టరును తప్పక కలవండి.